ఏటి మధ్యలో సార్జెంట్

(గోదావరి ఒడ్డున ఒక గ్రంథాలయం హాలులో ఎన్‌సీసీ విద్యార్థులు, మాజీ సైనికులు, పాఠకుల ముందు ఒక చరిత్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం)

నమస్కారం. వెనక వరస వాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు సంగతి చూస్తారు.

ముందు ఈ తాడు అందుకో బాబూ. చూసి పక్కవాళ్లకి ఇవ్వు. అలా వరసలన్నీ తిరిగి రానివ్వండి. నిన్న సాయంత్రం బజార్లో కొన్నాను. ఆరడుగులు. ఒక కొసన జానెడు కర్రముక్క అడ్డంగా కట్టించాను, రెండో కొసన ఆ కర్ర దూరేంత ఉచ్చు వేయించాను. కొట్టతను "గేదెకా, ఆవుకా?" అని అడిగాడు. పలుపు అనుకున్నాడు పాపం. "కమాండోలకి" అన్నాను. నా ముఖం వంక ఓసారి చూసి పది రూపాయలు ఎక్కువ చెప్పాడు.

దీన్ని బ్రిటిష్ కమాండోలు టాగుల్ రోప్ అనేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో ప్రతి కమాండో దగ్గరా ఇలాంటిది ఒకటి ఉండేది. ఒకడి తాడు ఉచ్చులో ఇంకొకడి తాడు కర్ర దూర్చి తిప్పితే రెండు తాళ్లు ఒకటవుతాయి. పది మంది కలిస్తే అరవై అడుగులు. నిచ్చెన కావాలంటే నిచ్చెన, ఏరు దాటాలంటే వంతెన. ఒక్కడి దగ్గరున్న తాడు మాత్రం పశువుని కట్టేయడానికే పనికొస్తుంది. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఏరు దాటడం గురించి, దాటించిన సార్జెంట్ల గురించి. అందుకే తాడుతో మొదలుపెట్టాను.

కమాండో అనగానే మన పిల్లలకి నల్ల బట్టలు, హెలికాప్టర్, గాల్లో పల్టీలు గుర్తొస్తాయి. అసలు కమాండోలు పుట్టింది 1940లో. ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్ నుంచి బ్రిటిష్ సైన్యం ఫిరంగులూ లారీలూ వదిలేసి, ప్రాణాలు మాత్రం దక్కించుకుని ఇంటికొచ్చిన వేసవి అది. ఎదురు దెబ్బ కొట్టాలి, కొట్టడానికి పెద్ద సైన్యం లేదు. సముద్రం మీద చిన్న చిన్న గుంపులుగా వెళ్లి కొట్టి రావాలని చర్చిల్ పట్టుబట్టాడు. దక్షిణాఫ్రికాలో బోయర్లు, అంటే అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతి రైతులు, తమ గుర్రపు దండుల్ని 'కమాండో' అనేవాళ్లు. ఆ పేరే తెచ్చి పెట్టారు. అన్ని రెజిమెంట్ల నుంచీ ఇష్టపడి వచ్చినవాళ్లనే తీసుకున్నారు. ఇందులో నాకు నచ్చే ముచ్చట ఒకటుంది. వీళ్లకి మొదట్లో బ్యారక్‌లు లేవు. రోజుకింత అని భత్యం చేతిలో పెట్టి, ఊళ్లో ఎవరింట్లోనైనా అద్దెకుండమనేవాళ్లు. పొద్దున ఫలానా టైముకి ఫలానా చోట ఉండాలి, అంతే. నిద్ర లేపడానికి బిగిల్ ఉండదు. తప్పు చేస్తే జైలు కూడా అక్కర్లేదు. పాత యూనిట్‌కి తిప్పి పంపేసేవాళ్లు. వాళ్ల దృష్టిలో దాన్ని మించిన అవమానం లేదు.

1942 నుంచి స్కాట్లండ్‌లో అక్నాకారీ అనేచోట వీళ్లకి శిక్షణ. స్పీన్ బ్రిడ్జి అనే చిన్న స్టేషన్లో రైలు దిగగానే మూటాముల్లె భుజాన వేసుకుని ఏడు మైళ్లు నడవాలి. శిబిరం గేటు దాటగానే వరసగా సమాధులు కనిపించేవి. శిక్షణలో ఫలానా తప్పు చేసినవాడి సమాధి ఇది అని బోర్డులు. ఉత్తుత్తి సమాధులే లెండి, బెదిరించడానికి. బెదరనివాళ్లకి ఆర్కైగ్ ఏరు ఉండేది. దాని మీద మీ చేతుల్లో తిరుగుతున్న ఇలాంటి తాళ్లతోనే వంతెన కట్టాలి. తడిసిన తాడు మీద అడుగులు వేస్తుంటే కింద నీళ్లలో పేలుళ్లు జరిపేవాళ్లు. చల్లటి నీళ్లు మీద పడతాయి, వంతెన ఊగుతుంది. ముందున్నవాడు ఆగిపోతే వెనకున్నవాళ్లంతా ఆగిపోవాల్సిందే. అలాంటప్పుడు వాణ్ణి కదిలించేది ఎవరు?

సార్జెంట్. మన సైన్యంలో హవల్దార్‌కి సమానమైన ర్యాంకు. ఇక్కడ మాజీ హవల్దార్లు ఉన్నట్టున్నారు, మీసాల్ని బట్టి పోల్చుకున్నాను. తప్పయితే క్షమించండి. సార్జెంట్ అంటే ఆఫీసరు కాదు, మామూలు సిపాయీ కాదు. పై నుంచి ఆర్డరు ఇంగ్లీషులో వస్తే, దాన్ని కింద వాళ్ల భాషలోకి మార్చేవాడు. బూట్లలో నీళ్లున్నాయా, తూటాలు తడిశాయా, ఎవడికి జ్వరం, ఎవడికి ఇంటి నుంచి ఉత్తరం రాలేదు, అన్నీ తెలిసినవాడు.

నది దగ్గర సార్జెంట్‌కి అంత ప్రాముఖ్యం ఎందుకొచ్చిందంటే, లెక్క చాలా తేలిక. నేల మీద నడిచేటప్పుడు వంద మంది సైన్యం వంద మందే. నది దగ్గరికి రాగానే అది పడవల సంఖ్యగా మారిపోతుంది. ఒక పడవలో పది మందో పదిహేను మందో. ఆఫీసరు ఒక్క పడవలోనే ఉండగలడు. మిగతా పడవలన్నీ విడివిడి సైన్యాలు. ప్రవాహం ఒక పడవని దిగువకి లాగేస్తుంది, ఇంకొకటి ఇసుకమేట మీద ఆగిపోతుంది. చీకటి, పొగ, మోటారు చప్పుడు, కేకలు. అవతలి గట్టు మీద ఏముందో కాలు పెడితే గానీ తెలీదు. ప్లాను కాగితం మీదే ఉండిపోతుంది. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు అని మనకో సామెత ఉంది కదా, యుద్ధంలో దాటకముందే తెప్ప తగలబడిపోతుంది. అప్పుడు ఆ పదిమందికి వినపడేది పక్కనున్న ఒక్క గొంతు.

ఆ గొంతు ఎలా ఉంటుందో నేను విన్నాను. 1986 ఆగస్టు వరదలు ఇక్కడి పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటాయి. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. మాది లంక ఊరు, నాకప్పుడు పదేళ్లు. చీకటి పడ్డాక పడవ వచ్చింది. పట్టాల్సినదానికి రెట్టింపు జనం ఎక్కాం. ఏటి మధ్యకి వచ్చేసరికి కొట్టుకొస్తున్న చెట్టు ఒకటి పడవకి తగిలింది. అందరూ ఒక్కసారి లేవబోయారు. లేస్తే బోల్తానే. సరంగు అరవలేదు. "కూర్చోండమ్మా. ఎవరి పక్కన ఎవరున్నారో చేతులు పట్టుకోండి. అబ్బాయ్, నువ్వు ఆ డొక్కుతో నీళ్లు తోడు" అన్నాడు. ఆ అబ్బాయిని నేనే. నీళ్లు తోడుతున్నంతసేపూ భయపడటానికి నాకు తీరిక దొరకలేదు. ఆ రాత్రి అతను మూడు సార్లు తిరిగాడో నాలుగు సార్లో. మర్నాడు అతన్ని ఎవరూ సన్మానించలేదు. పునరావాస కేంద్రంలో అందరితోపాటే పులిహోర పొట్లం కోసం వరసలో నిలబడ్డాడు.

సరే, మన కథకొద్దాం.

మొదటి నది లితానీ. లెబనాన్‌లో ఉంది, తూర్ పట్టణానికి కొంచెం ఉత్తరాన సముద్రంలో కలుస్తుంది. 1941 జూన్. ఫ్రాన్స్ అప్పటికే జర్మనీకి లొంగిపోయింది. సిరియా, లెబనాన్ జర్మన్లకి లోబడి నడిచే విషీ ఫ్రెంచి ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. పాలస్తీనా వైపు నుంచి ఆస్ట్రేలియా సైన్యం తీరం వెంట బేరూత్ వైపు బయల్దేరింది. దారిలో లితానీ మీద వంతెన. ఫ్రెంచివాళ్లు దాన్ని పేల్చేయకముందే పట్టుకోవాలి. ఆ పని 11వ స్కాటిష్ కమాండో అనే యూనిట్‌కి అప్పగించారు.

మొదటి రాత్రి ఓడలో వచ్చారు. అలలు చూసి దిగలేక వెనక్కి పోయారు. మర్నాడు, జూన్ 9 తెల్లవారుజామున, మళ్లీ వచ్చారు. ఒకసారి గుమ్మం దాకా వచ్చి వెళ్లిన దొంగ మర్నాడు వస్తే ఇంటివాళ్లు నిద్రపోతుంటారా? వంతెన పేలిపోయింది. పైగా మేజర్ జెఫ్రీ కీస్ దళాన్ని నదికి ఉత్తరాన దించాల్సింది, పొరపాటున దక్షిణాన దించారు. అంటే సముద్రం మీద నుంచి వచ్చింది నది దాటక్కర్లేకుండా ఉండటానికైతే, ఇప్పుడు నది దాటడమే పనిగా మిగిలింది. ఆస్ట్రేలియా వాళ్ల దగ్గరున్న గుడ్డ పడవలు అడిగి తెచ్చుకుని, మోర్టార్లు కురుస్తుంటే, కొద్దికొద్ది మందిగా దాటారు.

ఇంకో దళంతో కమాండింగ్ ఆఫీసరు కర్నల్ పెడ్డర్ ఉన్నాడు. లోపలికి చొచ్చుకుపోయారు, ఫ్రెంచి బ్యారక్‌ల దాకా వెళ్లారు. అక్కడ పెడ్డర్ చనిపోయాడు. తక్కిన ఆఫీసర్లలో కొందరు చనిపోయారు, కొందరు గాయపడ్డారు. ఆర్డర్లు ఇచ్చేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అప్పుడు ఆర్‌ఎస్‌ఎం టెవెండేల్ కమాండ్ తీసుకున్నాడు. ఆర్‌ఎస్‌ఎం అంటే రెజిమెంటల్ సార్జెంట్ మేజర్, యూనిట్‌లో సార్జెంట్లందరికీ పెద్ద. చెల్లాచెదురైన వాళ్లని ఒకచోటికి చేర్చి, నాలుగు వైపులా శత్రువు ఉన్నా గంటల తరబడి పోరాడించాడు. చివరికి చుట్టుముట్టేస్తే పట్టుబడ్డారు. ఆయనకి తర్వాత డీసీఎం అనే శౌర్య పతకం ఇచ్చారు. ఆ ఒక్క రోజులో ఆ యూనిట్ పోగొట్టుకున్నది, చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి, సుమారు నూట ముప్పై మందిని. ఆస్ట్రేలియన్లు ఆ రాత్రికే పడవల వంతెన వేసుకుని దాటి ముందుకు పోయారు.

నన్నడిగితే లితానీలో ప్లాను వేసినవాళ్లది తప్పు. అలల సంగతి ముందే తెలిసినవాళ్లు హెచ్చరించారు కూడా. ఆ తప్పుని పగలంతా మోసింది ఒక సార్జెంట్ మేజర్. సైన్యంలో ఇది కొత్తేమీ కాదు, ఆఫీసుల్లోనూ కొత్త కాదనుకోండి.

(నవ్వులు)

రెండో నది లువార్. ఇక్కడ కొంచెంసేపు ఆగుతాను. అసలు ఈ ప్రసంగం ఒప్పుకున్నదే దీని కోసం.

ఫ్రాన్స్‌లో లువార్ నది అట్లాంటిక్‌లో కలిసేచోట సెయింట్ నజేర్ అనే రేవు ఉంది. అక్కడ నార్మండీ డాక్ అని ఒక బ్రహ్మాండమైన డ్రై డాక్, అంటే నీళ్లు తోడేసి ఓడని బాగుచేసే తొట్టి, ఉండేది. జర్మన్ల పెద్ద యుద్ధనౌక టిర్పిట్జ్ దెబ్బతింటే మరమ్మతు చేయడానికి అట్లాంటిక్ తీరం మొత్తం మీద అదొక్కటే చోటు. డాక్‌ని పాడుచేస్తే టిర్పిట్జ్ అట్లాంటిక్‌లోకి రావడానికి జంకుతుంది. అందుకని క్యాంబెల్‌టౌన్ అనే పాత డిస్ట్రాయర్‌ని తీసుకుని, రెండు పొగగొట్టాలు పీకేసి జర్మన్ ఓడలాగా వేషం వేశారు. ముందు భాగంలో నాలుగు టన్నులకి పైగా పేలుడు మందు దట్టించారు. దాన్ని తిన్నగా తీసుకెళ్లి డాక్ తలుపుకి గుద్దేయాలి. వెనక చెక్క పడవల్లో కమాండోలు వచ్చి, ఒడ్డున దిగి పంపులూ యంత్రాలూ పేల్చేయాలి.

నది ముఖద్వారం తీరు మనకి కొత్త కాదు. ఓడలు పోయే లోతైన కాలువ ఒకటే ఉంటుంది, దాని పక్కనే జర్మన్ ఫిరంగులు. తక్కిందంతా మేటలు, బురద. అందుకని పెద్ద పోటు ఉన్న రాత్రి చూసుకుని, మేటల మీద నుంచే రావాలనుకున్నారు. 1942 మార్చి 27 అర్ధరాత్రి దాటాక క్యాంబెల్‌టౌన్ అడుగు రెండు సార్లు ఇసుకకి రాసుకుంది. రెండు సార్లూ విడిపించుకుంది. సర్చిలైట్లు పడ్డాక కూడా జర్మన్ సంకేతాలతో మేము మీవాళ్లమే అని బుకాయించి కొన్ని నిమిషాలు సంపాదించారు. తెల్లవారితే 28, ఒంటిగంటా ముప్పై నాలుగు నిమిషాలకి ఓడ డాక్ తలుపుకి గుద్దుకుంది. అనుకున్నదానికి నాలుగు నిమిషాలు ఆలస్యం. మన రైళ్లకి చెప్పుకోదగ్గ సంగతి.

ఓడ పని బాగానే జరిగింది. చెక్క పడవల గతే దారుణం. అవి ఫెయిర్‌మైల్ మోటర్ లాంచీలు, చెక్కతో చేసినవి. నడిచేది పెట్రోలు మీద. దూరం ఎక్కువని డెక్ మీద కూడా అదనంగా పెట్రోలు ట్యాంకులు పెట్టారు. వెలుగుతూ పోయే ట్రేసర్ తూటా ఒకటి తగిలితే చాలు. పడవలు ఒకదాని తర్వాత ఒకటి అంటుకున్నాయి. పెట్రోలు నీళ్ల మీద పరుచుకుని నది కూడా మండింది. దూకినవాళ్లు మంటల్లోకే దూకారు. బయల్దేరిన పదహారు మోటర్ లాంచీల్లో తమంతట తాముగా ఇంగ్లండ్ చేరినవి మూడే.

ఆ పదహారింటిలో ఒకటి ఎంఎల్ 306. పడవ వాళ్లు పద్నాలుగు మంది, కమాండోలు పద్నాలుగు మంది. కమాండోల్లో సార్జెంట్ థామస్ ఫ్రాంక్ డరంట్. వయసు ఇరవై మూడు. రాయల్ ఇంజినీర్స్ మనిషి, అంటే సైన్యంలో ఇంజినీరింగ్ పనులు చేసే సప్పర్. ఒకటో నంబరు కమాండో నుంచి వచ్చాడు. అతని చేతిలో లూయిస్ గన్. అతని స్థానం బ్రిడ్జి, అంటే కెప్టెన్ నిలబడి పడవ నడిపే చోటు, దాని వెనక, పూర్తిగా బయట. ముందు రేకు లేదు, పక్కన ఇసుక బస్తా లేదు.

లూయిస్ గన్ గురించి ఒక్క మాట. మొదటి యుద్ధం నాటి తుపాకి అది. పైన గుండ్రంగా పళ్లెంలాంటి డ్రమ్ము ఉంటుంది. మామూలు డ్రమ్ములో నలభై ఏడు తూటాలు. ఆపకుండా నొక్కితే ఆరు సెకన్లలో ఖాళీ. అంటే కాల్చేవాడికెంత పనో, డ్రమ్ము మార్చేవాడికీ అంత పని. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

నది పైకి వస్తుండగానే ఒడ్డు మీది సర్చిలైట్లనీ, ఫిరంగుల్నీ డరంట్ కాల్చడం మొదలుపెట్టాడు. చేతికి పెద్ద గాయమైంది. కట్టు కట్టించుకుని లోపల పడుకోమంటే తుపాకి వదల్లేదు. లాంచీ రేవు దగ్గరికి చేరింది. చూస్తే దిగడానికి చోటు లేదు, అంతా మంటలు. దిగకుండానే తిరిగి దిగువకి పోవాల్సి వచ్చింది. కమాండోకి ఇంతకంటే మనసు కుంగే ఆర్డరు ఉండదు. ఇంత దూరం వచ్చి ఒడ్డు మీద కాలు పెట్టకుండా వెనక్కి.

నది దాటి సముద్రంలోకి వచ్చేశారు. బతికిపోయామనుకునే సమయానికి చీకట్లో నల్లటి ఆకారాలు కనిపించాయి. జర్మన్ టార్పెడో బోట్ల దళం. పేరుకి బోట్లే గానీ చిన్నపాటి యుద్ధనౌకలు. లాంచీ ఇంజన్లు ఆపేసి ఊపిరి బిగబట్టారు. వాటిలో ఒకటి, యాగువర్, విడిపోయి వీళ్ల మీదికి సర్చిలైటు వేసింది. ముందు గుద్ది ముంచబోయింది. లాంచీ కెప్టెన్ లెఫ్టినెంట్ హెండర్సన్ చివరి క్షణంలో తిప్పడంతో దెబ్బ పక్కకి పోయింది గానీ కొందరు నీళ్లలో పడిపోయారు. ఆ తర్వాత యాభై అరవై గజాల దూరంలో కాల్పులు. ఈ హాలు గుమ్మం నుంచి ఎదురుగా కనిపిస్తున్న రేవు మెట్లు ఎంత దూరమో అంత. వాళ్ల దగ్గర నాలుగంగుళాల ఫిరంగులు. డరంట్ దగ్గర లూయిస్ గన్.

అతను ఏం కాల్చాడన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. ఎటు పడితే అటు కాల్చలేదు. యాగువర్ బ్రిడ్జిని కాల్చాడు. కెప్టెన్ నిలబడి ఓడ నడిపే చోటు అది. అంత గాయంలో, అంత వెలుగులో, ఓడకి బుర్ర ఎక్కడుందో అక్కడే కొట్టాడు. దాంతో వాళ్ల తుపాకులన్నీ తన మీదికి తిరిగాయి. ఒంట్లో చాలాచోట్ల తూటాలు దిగాయి. కాళ్లు నిలబడలేదు. తుపాకి బిగించిన స్టాండుని పట్టుకుని వేలాడుతూ కాల్చాడు.

జర్మన్ కెప్టెన్ పాల్ కాల్పులు ఆపించి, లొంగిపొమ్మని కేకేశాడు. లాంచీ నుంచి జవాబు వచ్చింది. బ్రిడ్జి మీదికి ఇంకో డ్రమ్ము.

మళ్లీ కాల్పులు. ఇరవై ఎనిమిది మందిలో ఇరవై మంది చనిపోవడమో గాయపడటమో జరిగింది. చివరికి కమాండోల ఆఫీసరు లెఫ్టినెంట్ స్వేన్, ఇక లాభం లేదని లొంగిపోయాడు. జర్మన్లు లాంచీ ఎక్కారు. డరంట్ ఆ గాయాలతో ఆ రోజే చనిపోయాడు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ప్రసంగానికి ముందు టీ దగ్గర ఒక అమ్మాయి అడిగింది కూడా. "ఓడిపోతామని తెలిశాక కాల్చడం దేనికి సార్? లొంగిపోతే ఇంకొంతమంది బతికేవాళ్లు కదా?" మంచి ప్రశ్నమ్మా. నేను కూడా చాలా ఏళ్లు దీని మీద తన్నుకులాడాను. డరంట్ ఆ రాత్రి ఎవరినీ గెలిపించలేదు. అతను కాల్చినందువల్ల డాక్ పేలలేదు. డాక్ ఆ పొద్దున క్యాంబెల్‌టౌన్‌లోని మందు పేలినప్పుడే పోయింది. యుద్ధం అయ్యేదాకా మళ్లీ పనికి రాలేదు. దానికీ దీనికీ సంబంధం లేదు. అలాగని వృథా అని కూడా అనలేను. లొంగిపోవాలా వద్దా అన్నది ఆఫీసరు తేల్చాల్సింది. ఆఫీసరు తేల్చేదాకా తుపాకి ఆపకపోవడం సార్జెంట్ పని. ఇద్దరూ ఎవరి పని వాళ్లు చేశారు. స్వేన్ లొంగిపోవడాన్ని కూడా నేను ధైర్యం కిందే లెక్కేస్తాను. దాని గురించి పాటలు కట్టరు, అంతే తేడా.

అసలు విచిత్రం ఆ తర్వాత జరిగింది. డరంట్ చేసింది చూసిన బ్రిటిష్ వాళ్లు చనిపోయారు, లేదా ఖైదీలయ్యారు. ఇంగ్లండ్‌లో ఎవరికీ తెలీదు. దాడి అయిన వారానికి యాగువర్ కెప్టెన్ పాల్, రెన్ అనే ఊళ్లో ఉన్న ఖైదీల శిబిరానికి తానే వెళ్లాడు. కమాండోల కర్నల్ న్యూమన్ అక్కడ ఖైదీగా ఉన్నాడు. మీ లాంచీలో తుపాకి పట్టుకున్న ఒక సార్జెంట్ ఉన్నాడు, అతనికి మీరు పెద్ద పతకం ఇవ్వాలనుకుంటారని చెప్పి వచ్చాడు. తన బ్రిడ్జి మీద తూటాలు కురిపించినవాడి గురించి చెప్పడానికి పని మానుకుని వెళ్లాడు. న్యూమన్ ఆ మాట మూడేళ్లు మనసులో దాచుకున్నాడు. 1945లో విడుదలై ఇంటికి రాగానే సిఫారసు రాశాడు. 1945 జూన్ 19న డరంట్‌కి బ్రిటిష్ సైన్యంలో అన్నిటికంటే పెద్ద శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ప్రకటించారు. ఆర్మీ మనిషికి, నౌకల మధ్య జరిగిన పోరాటంలో, శత్రువు చెప్పిన మాట మీద. డరంట్ సమాధి అక్కడికి దగ్గర్లోనే, లా బోల్ దగ్గర ఎస్కుబ్లాక్ సైనిక శ్మశానంలో ఉంది.

సెయింట్ నజేర్‌కి వెళ్లిన సుమారు ఆరు వందల మందిలో 169 మంది చనిపోయారు. ఐదు విక్టోరియా క్రాస్‌లు వచ్చాయి.

మంచినీళ్లు ఇటిస్తారా? ... థాంక్యూ.

మూడో నది రైన్. దీని గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇక్కడ అంతా సవ్యంగా జరిగింది. సవ్యంగా జరిగినవాటికి కథ తక్కువ. 1945 మార్చి 23 రాత్రి పది గంటలకి, వేజల్ ఊరికి రెండు మైళ్ల దిగువన ఒకటో కమాండో బ్రిగేడ్ రైన్ దాటింది. మూడు, ఆరు నంబర్ల ఆర్మీ కమాండోలు, 45, 46 నంబర్ల రాయల్ మెరైన్ కమాండోలు. 46 వాళ్లు బఫెలో అనే బండ్లలో దాటారు. నీళ్లలో ఈదుతుంది, ఒడ్డున ట్యాంకులా నడుస్తుంది. గేదె అని పేరు పెట్టినవాడెవడో రైతుబిడ్డే అయుంటాడు. ఆరో నంబరు వాళ్లకి స్టార్మ్ బోట్లు అనే చిన్న మోటారు పడవలు ఇచ్చారు. కొన్ని మోటార్లు మొరాయించాయి, బరువెక్కువై కొన్ని మునిగాయి. వీపున సామానుతో రాత్రిపూట చన్నీళ్లలో పడితే పైకి రావడం కష్టం. కొందరు అలాగే పోయారు.

అవతల ఒడ్డు చేరిన అరగంటకి, వీళ్లు ఊరి బయట పొలాల్లో ఉండగానే, దాదాపు రెండు వందల లాంకాస్టర్ విమానాలు వేజల్ మీద బాంబులు వేశాయి. కిలోమీటరున్నర దూరంలో ఊరు లేచిపడుతుంటే వీళ్లు నేలకి కరుచుకుని ఉన్నారు. ఆ వెంటనే లేచి ఊళ్లోకి నడిచారు. ఎలా? ఆరో నంబరు వాళ్లు ముందు నడుస్తూ నేల మీద తెల్లటి టేపు పరుచుకుంటూ పోయారు. వెనకవాళ్లు ఒకరి వెనక ఒకరు, ఆ టేపుని పట్టుకుని చీమల బారులా. చీకట్లో, దుమ్ములో, కాలుతున్న ఊళ్లో పదహారు వందల మంది వరస తెగకుండా వెళ్లారంటే అది జనరళ్ల గొప్పతనం కాదు. వరసలో ప్రతి పది మందికీ ఒకడు వెనక్కి తిరిగి లెక్క చూసుకుంటున్నాడు. లితానీలో కమాండో నేర్చుకున్న పాఠం నాలుగేళ్లకి రైన్ దగ్గర అక్కరకొచ్చింది అంటారు నాలాంటి చరిత్రవాళ్లు. అక్కడున్న సార్జెంట్‌ని అడిగితే టేపు మంచిది దొరికింది అనేవాడేమో.

ఆ తర్వాత వేజర్, ఆలర్, చివరికి ఏప్రిల్ 29న ఎల్బ్. ఐదారు వారాల్లో నాలుగు నదులు దాటారు. ఇంకో పది రోజుల్లో యూరప్‌లో యుద్ధం ముగిసింది.

ఇప్పుడు కొంచెం పక్కకి పోతున్నాను, క్షమించాలి. కమాండోలు కాదు, సార్జెంట్లూ కాదు. కానీ నది అనగానే మనవాళ్ల సంగతి చెప్పకుండా కూర్చుంటే ఈ ముందు వరస మాజీ సైనికులు ఊరుకోరు. ఇటలీలో సెనియో అని ఒక నది. వెడల్పు పెద్దగా ఉండదు, మన పంట కాలువ కంటే కొంచెం పెద్దది. కానీ రెండు వైపులా ముప్పై అడుగుల కరకట్టలు. జర్మన్లు ఆ కట్టల్ని ఎలకల్లా తొలిచి లోపల మెషిన్ గన్లు పెట్టారు. 1945 ఏప్రిల్ 9 రాత్రి ఎనిమిదో ఇండియన్ డివిజన్ దాన్ని దాటింది. మహారాష్ట్ర నుంచి వచ్చిన నామ్‌దేవ్ జాదవ్ అనే సిపాయి తన కంపెనీ కమాండర్ వెంట దాటాడు. అవతలి గట్టు ఎక్కేసరికి కమాండరూ ఇంకో ఇద్దరూ గాయపడ్డారు. మిగతావాళ్లు చనిపోయారు. జాదవ్ గాయపడిన ఒకణ్ణి భుజాన వేసుకుని నీళ్లలోంచి, గట్టెక్కి, మందుపాతరల మధ్య నుంచి ఇవతలికి తెచ్చాడు. మళ్లీ వెళ్లి రెండో మనిషిని తెచ్చాడు. మూడోసారి వెళ్లాడు, ఈసారి మెషిన్ గన్ల మీదికి. చేతికి దెబ్బ తగిలి టామీ గన్ పట్టుకోలేకపోతే దాన్ని పారేసి గ్రెనేడ్లు విసిరాడు. మూడు గన్లు మూగబోయాక కట్ట మీద నిటారుగా నిలబడి మరాఠా యుద్ధనినాదం చేస్తూ వెనకవాళ్లని రమ్మని చెయ్యూపాడు. అదే నది, అదే రోజు, కోహట్ వైపు నుంచి వచ్చిన అలీ హైదర్ అనే పఠాన్ సిపాయి ఇంకోచోట దాదాపు ఇలాంటి పనే చేశాడు. ఇద్దరికీ విక్టోరియా క్రాస్. రెండేళ్లకి ఇద్దరి ఊళ్లూ రెండు దేశాల్లోకి పోయాయి.

టైమైపోయిందని నిర్వాహకులు వాచీ చూపిస్తున్నారు. లూయిస్ గన్ సంగతి ఒకటి బాకీ ఉంది, అది చెప్పి దిగిపోతాను.

డరంట్ పతకం తాలూకు అధికారిక ప్రకటనలో ఒక వాక్యం ఉంది. డ్రమ్ములు మార్చగలిగినంత వేగంగా అతను కాల్చాడని. బాగా చదవండి. కాల్చగలిగినంత వేగంగా అనలేదు, మార్చగలిగినంత వేగంగా అన్నారు. నలభై ఏడు తూటాలు, ఆరు సెకన్లు. స్టాండుకి వేలాడుతున్న మనిషి, చేతిలో తూటా దిగిన మనిషి, తన డ్రమ్ము తనే మార్చుకోవడం అయ్యే పని కాదు. సర్చిలైటు వెలుగులో, అదే చోట, అదే తూటాల కింద, కింద నుంచి డ్రమ్ములు అందిస్తున్న చేతులు ఇంకా ఉన్నాయి. ఒకరివో, ఒకరు పడిపోతే ఇంకొకరివో. ప్రకటనలో ఆ పేర్లు లేవు. అయినా ఆ చేతులు ఎందుకు ఆగలేదంటే, పైన కాల్చేవాడు ఆపలేదు కాబట్టి. మా సరంగు "అబ్బాయ్, నీళ్లు తోడు" అన్నప్పుడు నా చేతులు ఎందుకు ఆగలేదో, అందుకే.

తాడు ఎవరి దగ్గరుంది? చివరి వరసలోనా? ఇటు పంపించండి బాబూ. అరే, ఆ కర్ర ఊడొచ్చినట్టుందే. పర్లేదులే, ఆ కొట్టతనికి చూపించి పది రూపాయలు వెనక్కి తీసుకుంటాను.